గోపురం మెట్ల తలుపు

కేథడ్రల్ ఎదుటి టీ దుకాణంలో కూర్చుని కీత్ కూతురి స్కోన్ రొట్టెకి జామ్ రాస్తున్నాడు. బయట నవంబరు వాన సన్నగా పడుతోంది.

“మీ తాతయ్య పాతికేళ్ళు ఇక్కడే పనిచేశాడు మార్తా. అంత పెద్ద చర్చికి తాళాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి.”

ఎదురుగా కూర్చున్న అక్క జిలియన్ కప్పు ఠక్కున కింద పెట్టింది. “ఆ తాళాలతో ఏం చేసేవాడో కూడా చెప్పు.”

“చిన్నపిల్ల ముందు ఎందుకక్కా ఆ గొడవ? పోయినాయన్ని...”

“నిన్ను పెట్టలేదుగా లోపల.”

అప్పుడు జిలియన్‌కి ఏడేళ్ళు. పాలు ఒలకబోసినా, ప్రార్థనలో ఆవలించినా తండ్రి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి, గోపురం మెట్ల మీద చీకట్లో కూర్చోబెట్టి తాళం వేసేవాడు. కీత్ అప్పటికి ఊయలలో ఉన్నాడు. యాభై దాటినా ఆ మంట ఆమెకి చల్లారలేదు. తమ్ముడు బతిమాలితే వచ్చింది, అంతే.

కేథడ్రల్ లోపల తడి రాయి వాసన, కరిగిన మైనం వాసన. ఎక్కడో పాటలవాళ్ళు ఒకే చరణాన్ని పదేపదే సాధన చేస్తున్నారు. అక్కాతమ్ముళ్ళు ఒక స్తంభం పక్కన నిలబడి గుసగుసగా పోట్లాడుకున్నారు.

“ఆయన మరీ అంత చెడ్డవాడేం కాదక్కా.”

“నేను అబద్ధాలకోరుని. అంతేగా నువ్వనేది?”

ఇద్దరూ తల తిప్పేసరికి మార్తా లేదు.

బెంచీల మధ్య వరసవరసా వెతికారు. చివరికి గోపురం మెట్ల చిన్న తలుపు వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. ఎవరితోనో రహస్యంగా మాట్లాడుతోంది. తలుపుకి తాళం వేసి ఉంది. కాపలా ఆవిడ తాళంచెవి తెచ్చింది. “పొద్దుట్నుంచీ ఇది తియ్యనే లేదండీ,” అంది అయోమయంగా.

మార్తా మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. కంట తడి లేదు. కీత్ లాక్కుని గుండెకి హత్తుకున్నాడు.

“ఎవరితోనమ్మా మాటలు?”

“లోపల ఒకమ్మాయి ఉంది. ఏడవొద్దంది. ఏడిస్తే తాతయ్య ఇంకో గంట ఉంచుతాడంట.”

కీత్ మొహం పాలిపోయింది. ఆ ఇంకో గంట సంగతి జిలియన్ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె గడపలో నిలబడి పైకి చూసింది. “నేనే వచ్చాను. దిగి రా.”

మెట్ల మలుపులోంచి సన్నని గుసగుస... “తలుపు వేసెయ్... ఆయనా ఇక్కడే ఉన్నాడు... బూట్లు విప్పేసి నడుస్తాడు...”

“వేసెయ్యక్కా,” అన్నాడు కీత్, మార్తాని ఎత్తుకుని వెనక్కి జరుగుతూ.

“మళ్ళీ ఆ పిల్లని లోపల పెట్టి తాళం వెయ్యమంటావా? సిగ్గులేదూ నీకు?”

తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగింది. “పరిగెత్తు,” అంది.

నిశ్శబ్దం. పాటలు కూడా ఆగిపోయాయి. తర్వాత... ఏదో దిగుతోంది. మెత్తగా. మెట్టు మెట్టూ. చల్లగా ఆమె మోచేతిని రాసుకుంటూ బయటికి వెళ్ళింది.

జిలియన్ ఒక్క ఊపున తలుపు మూసింది. కాపలా ఆవిడ చేతిలోంచి తాళంచెవి లాక్కుని తిప్పింది. “ఇక నువ్వుండు లోపల, నాన్నా,” అంది పళ్ళు కొరుకుతూ.

లోపలి నుంచి తలుపు కొట్టారు.

కింద... ఆమె నడుమెత్తున. చిన్న వేళ్ళతో, నెమ్మదిగా.

జిలియన్ వెనక్కి తిరిగింది. మార్తా తలుపు వైపు చూడటం లేదు. కీత్ భుజం మీదుగా, తల పైకెత్తి, అతని వెనక ఉన్నదాన్ని చూస్తోంది. ఏడుపు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.