వేలానికి కుట్టిన బొంత

తలుపు తట్టడం కూడా మరిచి బడి పెద్దావిడ లోపలికి వచ్చేసింది. “బొంత పోయిందండీ!” అంటూ కుర్చీలో కూలబడింది.

అపరాధ పరిశోధకుడు మీసాలాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. మీసాలు తీసేసి పదేళ్ళయినా ఆ పేరు మాత్రం ఊడలేదు. ఆయన గుమాస్తా కలం తీశాడు.

ఆవిడది ఆటిజం పిల్లల బడి. మాటలు నేర్పే టీచరమ్మ జీతం కోసం ఇంటింటికీ చీటీ పంపింది. ‘మీకు అన్నిటికన్నా ఇష్టమైన గుడ్డలోంచి ఒక ముక్క ఇవ్వండి’ అని. ఆ ముక్కలన్నీ బొంతయ్యాయి. సాయంత్రం వేలం. బొంత లేకపోతే టీచరమ్మ రేపటి నుంచి రాదు.

అందరూ బడికి వెళ్ళారు. హాలు తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవులు పెద్దావిడ, దర్జీ అమ్మ, వాచ్‌మన్ దగ్గరే ఉన్నాయి. నిన్న బట్టల కొట్టు షావుకారు మాత్రం వచ్చి, “వేలమెందుకు, నాకే ఇచ్చేయండి” అని బేరమాడి వెళ్ళాడట.

బొంత వేలాడదీసిన దండెం కింద నీలం దారపు తునకలు, ఒక్కొక్కటి గోరంత, రాలి ఉన్నాయి. మీసాలాయన వాటిని ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

వరండాలో ఒక పిల్ల గుప్పిట బిగించి, ఊగుతూ కూర్చుంది.

“వాచ్‌మన్ కూతురండీ,” అంది పెద్దావిడ. “పది రోజులుగా ఒకటే ఏడుపు, తిండి లేదు. ఇవాళే నిమ్మళించింది.”

గుమాస్తా అదీ రాసుకున్నాడు, ఎందుకో తెలియకపోయినా.

దర్జీ అమ్మ విరుచుకుపడింది. “నడుం విరిగేలా కుట్టింది నేను, నేనే ఎత్తుకుపోతానా? ఏ ముక్కకి ఆ రంగు దారం వెతికి మరీ కుట్టాను!”

“కుట్టు విప్పాలంటే ఎలా విప్పుతావమ్మా?” అంటూ మీసాలాయన అరచేతిలో తునకలు చూపించాడు.

“ముడి కోసి లాగితే వరసంతా జర్రున వచ్చేస్తుంది. ఇలా కుట్టు కుట్టునా కోసేది సూది పట్టనోళ్ళే.”

మధ్యాహ్నం మీసాలాయన అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

“నన్నూ పిలిచారా! గోడౌన్ నిండా గుడ్డలున్నవాణ్ణి,” అని షావుకారు రుసరుసలాడాడు.

“మీకు తాళంచెవి లేదు, కూర్చోండి. తీసినవాళ్ళకి కావలసింది బొంత కాదు, ఒక్క నీలం ముక్క. అది కోశాక చిల్లు పడింది. చిల్లు చూస్తే ఏ ముక్కో తెలిసిపోతుందని మొత్తం దాచేశారు. దర్జీ అమ్మయితే అలా కోయదు. వేలం చెడగొట్టుకోవడానికి పెద్దావిడకేమీ పిచ్చి లేదు. పది రోజుల కిందట చేరిన నీలం ముక్క ఎవరిదమ్మా?”

పెద్దావిడ జాబితా తిరగేసింది. “దుప్పటి ముక్క. వాచ్‌మన్ భార్య ఇచ్చింది.”

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. “ఇష్టమైన గుడ్డన్నారు కదండీ. మా ఇంట్లో ఇష్టమైందంటే పిల్ల చేతిలో ఉండేదే. ఏమీ ఇవ్వలేదనిపించుకోవడం ఇష్టం లేక మా ఆవిడ దాన్నే ఇచ్చేసింది. తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు. పొద్దున ఊడవడానికి తలుపు తీసి, బ్లేడుతో కోసి పిల్ల చేతిలో పెట్టా. చిల్లు చూసి భయమేసింది. బొంత పంపు గదిలో ఉందండీ.”

“నా చేత్తోనే తీసుకున్నాను,” అంది పెద్దావిడ. “ఇరవయ్యేళ్ళుగా ఇలాంటి పిల్లల మధ్యే ఉంటున్నాను. పది రోజులు పిల్ల ఖాళీ గుప్పిట చూస్తూ కూడా నాకు తట్టలేదు.”

ఆమే పంపు గదికి నడిచింది. బొంత తెచ్చి పరిచారు.

“చిల్లు బొంతని ఎవరు పాడతారండీ?” అన్నాడు షావుకారు. “ఈ ముక్కేదని అడిగితే?”

“సొంతదారుకి తిరిగిచ్చేశామని చెబుతాను,” అంది పెద్దావిడ.

దర్జీ అమ్మ సూదికి దారం ఎక్కించి, పోగులూడకుండా చిల్లు అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. షావుకారు కాసేపు చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“వేలం పాట ఎన్నింటికి మొదలు?”