నూరే గది

మధ్యాహ్నం పన్నెండు దాటింది. అంగారకుడి మీద దుమ్ముతుఫాను మొదలై అది పదకొండో రోజు. ఆకాశంలో సూర్యుడున్న చోట ఎండిన రక్తపు మరక లాంటిదొకటి మిగిలింది. భూమ్మీది బాంకా దీవి తగరపు గనుల నుంచి వచ్చిన మూడువందల మంది ఒకే గాలిగుడారం కింద బతుకుతున్నారు అక్కడ. భోజనశాలలో చేపల పులుసు చల్లారిపోతోంది. ఎవరికీ ముద్ద దిగడం లేదు. గుడారాన్ని మోసే లోహపు పక్కటెముక ఒకటి చిట్లింది.

ఆ పక్కటెముకలు బెరీలియంవి. అల్యూమినియం కంటే తేలిక, ఉక్కు కంటే బిగువు. పచ్చరాయిని తవ్వి, లోహం తీసి, పొడిగా నూరి, అచ్చులో నొక్కితే కొత్తది తయారవుతుంది. నూరే పని, అచ్చులు నొక్కే రుస్మినా తమ్ముడు జమ్హారిది. నాలుగేళ్ళు నూరాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గీ దగ్గీ కిందటి నెల చనిపోయాడు, వాడికి ముందు అక్కడ నూరిన ముగ్గురిలాగే. అప్పట్నుంచి ఆ గదికి తాళం.

"సాయంత్రానికి పొడి కావాలి, రుస్మినా. నువ్వే నూరాలి," అన్నాడు హెందార్తో అనే మేనేజర్.

"గాలి జల్లెడ మార్పించమని వాడు మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాడు సార్?"

"గదిలో దుమ్మే లేదు. మీవాడు సిగరెట్ల వల్ల పోయాడు."

"ఈ గ్రహం మీద సిగరెట్లు ఎక్కడ దొరుకుతాయి? మీ బల్ల సొరుగులోనా?"

అయినా బయల్దేరింది. గుడారం కూలితే పోయేది మూడువందల ప్రాణాలు. మేనేజర్ వెనకే వచ్చాడు, తాళంచెవి తన దగ్గరే ఉంది కాబట్టి.

నడవాలో దీపాలు మసగ్గా వెలుగుతున్నాయి. తలుపు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయారు. లోపల యంత్రం తిరుగుతోంది. తాళం వేసే ఉంది. తలుపు సందులోంచి వాసన... పోటు తగ్గిన సముద్రపు బురద వాసన. ఈ గ్రహం మీద సముద్రమే లేదు.

రుస్మినా తాళం తీయించింది. చీకటి. ఎవరూ లేరు.

దగ్గు వినిపించింది. మూడు పొట్టివి... ఒకటి పొడుగ్గా.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తమ్ముడి పక్కన రాత్రుళ్ళు మేలుకుని విన్న దగ్గు అది.

"మూసెయ్..." గుసగుసలాడాడు మేనేజర్. "మూసెయ్యమంటున్నా..."

ఆ మాటతో ఆమె భయం కాస్తా మండిపోయింది. "దుమ్ము లేదన్నావుగా? పోయి చూడు!"

అతన్ని రెండు చేతులా లోపలికి తోసేసి, గడియ వేసింది.

"రుస్మినా! తలుపు తియ్! ఇక్కడెవరో... నా పక్కనే..."

"సిగరెట్ల మాట వాడికి చెప్పు!"

తలుపు బాదాడు. ఏడ్చాడు. తర్వాత అదీ లేదు. యంత్రం ఒక్కటే... అప్పుడు దగ్గు. ఒకరిది కాదు. ఇద్దరిది. ఆపైన... గదంతా దగ్గింది.

ఆమె గడియ లాగి తలుపు తెరిచింది.

యంత్రం ఆగి ఉంది. హెందార్తో ఒక్కడే నేల మీద కూర్చుని, నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పక్కన పీపా నిండా పొడి, మెత్తగా. సాయంత్రం దాకా పట్టే పని అది. గడిచింది పది నిమిషాలు.

సాయంత్రానికి కొత్త పక్కటెముక లేచింది. ఊరు బతికింది.

మూడో రోజు డాక్టరమ్మ రుస్మినాను పిలిపించి, మేనేజర్ ఎక్స్‌రేని వెలుతురుకెత్తి పట్టుకుంది. "ఈయన ఆ గదిలో ఎన్నేళ్ళు పనిచేశాడు?"

రుస్మినా దగ్గరికెళ్ళి చూసింది. ఊపిరితిత్తుల్లో తెల్లటి దుమ్ము చెల్లాచెదురుగా లేదు. లోపల్నుంచి ఎవరో ఆనించినట్టు... అరచేతుల గుర్తులు. వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి.

లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఏడో చేతి దగ్గర ఆపేసింది.