గ్యాలరీలో దొంగ కుర్చీ

"సర్ఫరాజ్, ఆ తలుపు ముట్టుకోవద్దు! సెన్సార్లు పెట్టినారు. తెరిస్తే గ్యాలరీ మొత్తం లేచిపోతాది."

ఇయర్‌పీస్‌లో చీఫ్ శివప్రసాద్ గొంతు వినగానే ఏజెంట్ సర్ఫరాజ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విదేశీ ముఠాను పట్టుకోవడానికి ఈ కర్నూలు మ్యూజియంలో ఏడాదికి పైగా అటెండర్ గోపన్న వేషం వేశాడు. ముఠా మాత్రం ఇవాళే తలుపులు బిగించి పోయింది. అతనితో పాటు లోపల మన దేశానికి అతిథులుగా వచ్చిన సైంటిస్టులు చిక్కుకున్నారు. వాళ్లకు ఇంటర్‌ప్రిటర్‌గా సాజియా, సర్ఫరాజ్ సొంత చెల్లెలు.

"బాంబు యాడుండాది సార్?"

"విక్టోరియన్ కుర్చీల్లో ఒకటి నకిలీ. పాత కేటలాగు ఫోటో చూసి లండన్‌లో చేయించినారు. దాని సీటులో ఉండాది. మూడు గంటలకు పేలతాది."

గిల్టు పూసిన ఫ్రెంచి గడియారంలో ముల్లు మూడుకు దగ్గర పడుతోంది. గోడ వారగా రోజ్‌వుడ్ కుర్చీలు, అన్నీ అచ్చు ఒకటే! పెన్నులో దాచిన స్కానర్ ప్రతి కుర్చీ దగ్గరా కీచుమంటోంది. అన్ని సీట్లలోనూ ఇనప స్ప్రింగులే మరి. దాని మొహం మండ!

"భాయ్, శానా భయమైతాంది," అంది సాజియా.

"నేనుండా కదమ్మా," అన్నాడు సర్ఫరాజ్, పనికిరాని స్కానర్ జేబులో పెట్టుకుంటూ. చెల్లెలికి ఏమన్నా అయితే అమ్మకు ఏం చెప్పాలి? చెప్పడానికి తానూ మిగలడు.

అప్పుడే ఇయర్‌పీస్‌లో పద్మప్రియ తీయగా పలికింది. ఫర్నిచర్ ఎక్స్‌పర్ట్, అందగత్తె, డిపార్ట్‌మెంట్ నమ్మిన మనిషి. ఇందాకే ఫోన్ వచ్చిందని బయటికి పోయింది.

"కిటికీ పక్కది, సర్ఫరాజ్. కోసెయ్."

చాకు తీసి కుర్చీ బోర్లించాడు. కాలి చెక్కడంలో పసుపు మరక!

సర్ఫరాజ్ గతుక్కుమన్నాడు. ఆయుధపూజ నాడు గ్యాలరీలో ప్రతి కుర్చీకీ, ప్రతి బీరువాకీ పసుపూ కుంకుమా పెట్టింది అటెండర్ గోపన్నే, అంటే తానే. ఇది అసలు కుర్చీ. ఈమె కావాలనే తప్పు చూపిస్తోంది!

"సార్, పద్మప్రియను పట్టుకోండి!" అని అరుస్తూ కుర్చీలన్నీ బోర్లించుకుంటూ పోయాడు. పసుపు, పసుపు, మళ్లీ పసుపు... గడియారం కింద ఉన్నదాని కాళ్లకు మాత్రం మరకే లేదు.

సీటు చీల్చాడు. లోపల కుక్కిన గుర్రపు వెంట్రుకల్లో ఎర్ర లైటు మిణుకుమంది. యా అల్లా! బ్యాటరీ పీకేశాడు. గడియారం గణగణా మూడు కొట్టింది. ఏమీ పేలలేదు. సాజియా బోరున ఏడుస్తూ అన్న భుజం మీద వాలిపోయింది.

బయట వరండాలో బేడీలతో నిలబడ్డ పద్మప్రియ పళ్లు నూరింది. "ఆ పసుపు తుడవమని అప్పుడే ఆర్డరేశానే! తుడిచేశామని సంతకం పెట్టి మరీ రిపోర్టిచ్చారు!"

"ఆ సంతకం నాదే మేడమ్," అన్నాడు సర్ఫరాజ్ చెమట తుడుచుకుంటూ. "నమ్మేసినారా?"