తలుపు తీసే మనిషి

మొదటి డ్రైవరు తలుపు తీయడానికి కారు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు.

పట్టపగలు, గడియార స్తంభం ఎదుట, టూరిస్టులు ఫోటోలు తీసుకుంటూ ఉండగా జరిగింది. నల్ల లిమోజిన్ ఆగింది. బూడిదరంగు యూనిఫాం వేసుకున్న డ్రైవరు దిగి, టోపీ సర్దుకుని, వెనక తలుపు వైపు నడిచాడు. ఎవరో గొడుగు పట్టుకుని పక్కనుంచి వెళ్ళారు. డ్రైవరు దోమ కుట్టినట్టు పిక్క తడుముకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి ఉండగానే కూలిపోయాడు.

"మన డ్రైవరు గుండెపోటుతో పోయాడని పత్రికలకు చెప్పాం," అన్నాడు పెద్దాయన. రహస్య శాఖ చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. "పిక్క మీద సూది మొనంత చుక్క ఉంది. గొడుగు చివర విషం. ఇది కంపెనీ పని."

కంపెనీ అంటే విదేశీ గూఢచారి ముఠాకి శాఖ పెట్టుకున్న పేరు.

బల్లకు ఇవతల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు నలభై దాటిన ఏజెంట్. శాఖలోకి రాకముందు బళ్ళో చరిత్ర చెప్పేది కాబట్టి టీచరమ్మ అంటారు. పక్కన ఆమె భర్త, శాఖ గరాజ్‌లో డ్రైవరు.

"విదేశం నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. మన వైపు రావాలనుకుంటున్నాడు. ఆయన బుర్రలో ఉన్న రాడార్ డిజైన్ కంపెనీకి కావాలి. హోటల్ చుట్టూ వాళ్ళ కళ్ళున్నాయి. అందుకని రేపు ఆయన టూరిస్టు. ప్రైవేట్ లిమోజిన్‌లో నగరం చూస్తాడు. గడియార స్తంభం, మ్యూజియం, విజయద్వారం. అక్కణ్ణుంచి వంతెన దాటితే మన సేఫ్ హౌస్. బండి నీది. గైడ్ వేషం టీచరమ్మది."

"మరి గొడుగువాడు?" టీచరమ్మ అడిగింది.

"చచ్చాడు. మొన్న లాడ్జిలో శవం దొరికింది. ఆచూకీ ఇచ్చింది చిలక."

చిలక కంపెనీలో పనిచేస్తూ కొత్తగా ఈ వైపు తిరిగిన డబుల్ ఏజెంట్. రేపు ప్రొఫెసర్ సెక్రటరీగా కార్లో కూర్చునేది ఆమే.

"అయినా ఈయన కారు దిగకపోతే నష్టమేంటండీ? ఆ తలుపేదో ప్రొఫెసరే తీసుకుంటాడు."

పెద్దాయన నోరు తెరిచేలోగా భర్తే అందుకున్నాడు. "లిమోజిన్‌లో అతిథి తన తలుపు తనే తీసుకుంటే, దూరం నుంచి చూసేవాడికి కూడా తెలిసిపోతుంది, అది దొంగ బండి అని. నాకు ట్రైనింగ్ ఇచ్చారు. దిగాలి. టోపీ సర్దుకోవాలి. చుట్టూ తిరిగి రావాలి. తలుపు తీసి తల వంచాలి."

"ఇంట్లో బీరువా తలుపు తీసిన పాపాన కూడా పోలేదు."

"బీరువాలో అతిథులుంటారా?"

పెద్దాయన నవ్వలేదు. "చిలక వచ్చే వేళయింది. ఆవిడ ముందు మీరు మొగుడూ పెళ్ళాలు కారు. ఆ సంగతి ఈ గది దాటకూడదు. ప్రమాదం వస్తే కోడ్‌వర్డ్ 'వెన్నెల'. ఇంటర్‌కమ్‌లో ఆ మాట వింటే డ్రైవరు ఎక్కడా ఆగకుండా వంతెన దాటాలి."

గదిలోకి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత చిలక వచ్చింది. కోడ్‌వర్డ్ ఆమెకూ చెప్పారు.

మర్నాడు పొద్దున్న టీచరమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, భర్త యూనిఫాంకి ఊడిన బొత్తాం కుట్టింది. దారం రెండుసార్లు సూది బెజ్జం తప్పింది. ఆ రోజు సూదిని చూస్తే గొడుగు మొనే గుర్తొస్తోంది.

"గొడుగువాడు పోయాడుగా," అన్నాడాయన.

"పోయాడని ఆ చిలకమ్మ చెప్పింది."

"పెద్దాయన శవాన్ని చూశాడు."

"నేను గొడుగువాణ్ణని శవం చెప్పిందా?"

ఆయన యూనిఫాం తొడుక్కున్నాడు. ఇద్దరూ చెరో దారిన ఇల్లు వదిలారు.

లిమోజిన్ లోపల ఒక చిన్న డ్రాయింగ్ రూమ్‌లా ఉంది. తోలు సీట్లు, బుల్లి ఫ్రిజ్, కాళ్ళ కింద మెత్తటి తివాచీ. డ్రైవరుకీ వెనక భాగానికీ మధ్య నల్ల అద్దం. వెనక సీట్లో ప్రొఫెసర్, చిలక ముందుకు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకు ఎదురుగా గైడ్ సీటు, అద్దానికి ఆనుకుని. భర్త వీపుకీ తన వీపుకీ మధ్య ఆ అద్దమొక్కటే. ఆమె కాలర్‌కి ఉన్న మైక్‌లోంచి ప్రతి మాటా ముందుకు వినిపిస్తుంది.

"బెల్టు పెట్టుకోండి బాబాయిగారూ," అంది టీచరమ్మ. ప్రొఫెసర్‌కి భాష అంతంతమాత్రం. పసివాడిలా చేతులెత్తి కూర్చుంటే ఆమే పెట్టింది. "మీరూ పెట్టుకోండమ్మా."

"నా డ్రెస్ నలుగుతుంది," అంది చిలక.

గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి తుంపర మొదలైంది. చూస్తూ ఉండగానే నగరమంతా గొడుగులు తెరుచుకున్నాయి. నల్లవి, ఎర్రవి, పూలవి. ప్రతి గొడుగు కిందా ఒక మనిషి, ప్రతి గొడుగుకీ ఒక మొన. కారు ఆగింది. ముందు తలుపు తెరుచుకున్న చప్పుడు. భర్త అడుగులు కారు చుట్టూ తిరుగుతుంటే టీచరమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. తలుపు తెరుచుకుంది. ఆయన తల వంచి నిలబడ్డాడు. బతికే ఉన్నాడు.

"థాంక్యూ డ్రైవర్ గారూ," అంది.

"ఇట్స్ మై డ్యూటీ, మేడమ్."

మ్యూజియంలో ప్రొఫెసర్ని పాత నాణేల గదిలో శాఖ మనిషి పక్కన కూర్చోబెట్టి, టీచరమ్మ బాత్రూమ్‌కి వెళ్ళింది. తలుపు గడియ పెట్టుకుని, మైక్ ఆపి, ముఖాన్ని అరచేతుల్లో దాచుకుంది. అప్పుడు బయట వాష్‌బేసిన్ దగ్గర సెంటు వాసన. సన్నని గొంతు.

"విజయద్వారం దగ్గర. తలుపు తీయడానికి దిగుతాడు. వీడికీ సూది చాలు. వాడు పడగానే స్టీరింగ్ నీది. యూనిఫాం సరిపోయిందా?"

టీచరమ్మ కాళ్ళు రెండూ పైకి తీసుకుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కొళాయి ఆగింది. మడమల చప్పుడు దూరమైంది. తర్వాత అదే చప్పుడు మెల్లగా వెనక్కి వచ్చి, ఆమె తలుపు ముందు ఆగింది.

"బయటికి రండి గైడమ్మా. మీ చెప్పులు చూసే నేను మాట్లాడటం మొదలుపెట్టాను."

తలుపు తీస్తే ఎదుట పిస్టల్ ఉంది. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పిస్టల్. చిలక రెండో చేతిలో లిప్‌స్టిక్, దాని అడుగున మిణుకుమంటున్న లైటు. అదే ఆమె రేడియో.

"ఇదంతా నా నోటివెంట విన్నాక ఇక నువ్వు భయపడి చెప్పినట్టల్లా చేస్తావు. నాకు కావలసిందదే. గైడ్ గొంతు ఆగిపోతే డ్రైవరుకి అనుమానం వస్తుంది, అందుకని బతికున్నావు. విజయద్వారం దాకా వాగుతూ ఉండు. వెన్నెల అన్నావో, ముందు ముసలాయన్ని కాలుస్తాను, తర్వాత నిన్ను." చిలక ఆమె చెవి కమ్మ లాగింది. శాఖ మాటలు వినిపించే రిసీవర్ అందులోనే ఉంది. "పాపం, ఆ డ్రైవరు. పెళ్ళయిందేమో కనుక్కోలేదు."

టీచరమ్మ ముఖంలో ఏ కండరమూ కదలకుండా చూసుకుంది. ఆ పూట ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.

కారు కదిలింది. ఎదుట సీట్లో చిలక ఒడిలో శాలువా, శాలువా కింద పిస్టల్ ప్రొఫెసర్ పక్కటెముకల వైపు. టీచరమ్మ మైక్ ఆన్ చేసి మాట్లాడుతోంది. విజయద్వారం ఎవరు కట్టించారో, ఎన్ని రాళ్ళు తెచ్చారో నాలుక దానంతటదే చెబుతోంది. వీపు వెనక అద్దం చల్లగా తగులుతోంది. ఆ అద్దానికవతల ఆయన తీరిగ్గా బండి నడుపుతున్నాడు. ఇంకాసేపట్లో టోపీ సర్దుకుంటాడు.

ఎలా చెప్పాలి? శాఖ ఇచ్చిన మాట చిలక చేతికి చిక్కింది. శాఖకి తెలియని మాట కావాలి.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. అత్తగారు రెండు గదుల్లోనూ ఉండేది. గుమ్మంలో ఎవరో నిలబడి ఏదో అడగడం, ఈయన కాదనలేక బయటికి నడవడం. అత్తగారి ఎదుట వద్దనే ధైర్యం కోడలికెక్కడిది? అందుకని వంటింట్లోంచి ఒక మాట వదిలేది. స్టవ్ ఆపానో లేదో అని. అంటే, గుమ్మం దాటకండి, కొంప మునుగుతుంది. అత్తగారు పోయేదాకా ఆ గుట్టు కనిపెట్టలేదు. చిక్కల్లా ఒక్కటే. ఆ మాట ఆయన ఒక్కోసారి వినేవాడు, ఒక్కోసారి వినేవాడు కాదు. విననిసారి మోటార్ సైకిల్ పోయింది. పిన్నిగారి అల్లుడు అడిగి నడుపుకుంటూ వెళ్ళి ఇప్పటికీ తిరిగి తేలేదు.

"ఈ ద్వారం మీది శిల్పాలు..." అని ఆగింది టీచరమ్మ. నుదురు కొట్టుకుంది. "అయ్యో రామ. ఇంట్లో స్టవ్ ఆపానో లేదో."

చిలక కళ్ళు చికిలించి, తర్వాత నవ్వేసింది. "మన బతుకులింతే గైడమ్మా. రాజధాని నడిబొడ్డున ఉన్నా మనసు వంటింట్లోనే."

"మరే," అంది టీచరమ్మ. చెవులు మాత్రం వీపు వెనకే ఉన్నాయి. ముందునుంచి ఏ చప్పుడూ లేదు. కారు వేగం మారలేదు. వినలేదు. మోటార్ సైకిల్లాగే ఈయనా పోతాడు.

పక్క కిటికీలోంచి వర్షంలో విజయద్వారం కనిపించింది. దాని నీడలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బూడిదరంగు యూనిఫాం, టోపీ. చేతిలో ముడిచిన గొడుగు. ఇంత వానలోనూ గొడుగు విప్పలేదు.

కారు నెమ్మదించింది. ఆగింది. యూనిఫాం మనిషి రెండడుగులు ముందుకు వేశాడు. టీచరమ్మ వేళ్ళు సీటు తోలులోకి దిగిపోయాయి. ముందు తలుపు లాక్ టక్కుమంది. అది తెరుచుకున్న చప్పుడో, పడిన చప్పుడో ఆమెకు తెలియలేదు. వెన్నెల అని అరిస్తే ముందు పోయేది ప్రొఫెసరే.

ఇంటర్‌కమ్‌లో ఆయన గొంతు వినిపించింది. "సారీ మేడమ్. నా బెల్టు ఇరుక్కుంది. ఒక్క క్షణం."

"దిగమను," అంది చిలక పెదవులు కదపకుండా.

లిమోజిన్ ఒక్కసారి పులిలా ముందుకు దూకింది. గొడుగు మొన డ్రైవరు అద్దం మీద గీసుకుంటూ పోయింది. వెంటనే బ్రేకు. టైర్లు కీచుమన్నాయి. టీచరమ్మ వీపు సీటుకి అతుక్కుపోయింది. ప్రొఫెసర్ని బెల్టు పట్టేసింది. డ్రెస్ నలుగుతుందని బెల్టు పెట్టుకోని చిలక మాత్రం శాలువాతో సహా ఎగిరివచ్చి ఫ్రిజ్‌కి తల కొట్టుకుంది. పిస్టల్ తివాచీ మీద పడింది. టీచరమ్మ దాన్ని తన్ని, చిలక వీపు మీద కూర్చుంది. శాఖలో నేర్పిన పట్లు ఒక్కటీ గుర్తురాలేదు, బరువు ఒక్కటే పనికొచ్చింది.

"పోనివ్వండి," అంది మైక్‌లో. "ఏమండీ, పోనివ్వండి."

ఆయన హారన్ మీదనుంచి చెయ్యి తీయకుండా వంతెన దాటించాడు. ఆ హారన్ విని ద్వారం దగ్గరి పోలీసులు గొడుగువాణ్ణి పట్టుకున్నారు. వాడి యూనిఫాంకి అన్ని బొత్తాలూ ఉన్నాయట.

సేఫ్ హౌస్ ఆవరణలో పెద్దాయన కార్లో రికార్డయిన టేపు మొదట్నుంచీ విన్నాడు. చిలకను తీసుకుపోయారు. ప్రొఫెసర్ మంచినీళ్ళు తాగి, టూర్ బావుందన్నాడు.

"టేపు విన్నాను," అన్నాడు పెద్దాయన చివరికి. "ఆ స్టవ్ కోడ్ మన మాన్యువల్‌లో లేదే. ఎవరు నేర్పారు?"

"మా అత్తగారి పుణ్యమండి," అంది టీచరమ్మ. ఇంకా లిమోజిన్ లోపలే కూర్చుని ఉంది.

ఆయన వచ్చాడు. టోపీ సర్దుకున్నాడు. కారు చుట్టూ తిరిగి, ఆమె వైపు తలుపు తీసి తల వంచాడు. డ్యూటీ కాకుండా తీయడం ఇన్నేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. ఆమె ముందు ఆవరణంతా చూసింది. ఎక్కడా గొడుగు లేదు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఒక కాలు బయట పెట్టింది.

"నువ్వు అనగానే విన్నాను," అన్నాడాయన గొంతు తగ్గించి. "అప్పట్నుంచీ ఒకటే దిగులు. ఇంతకీ పొద్దున్న ఆ పాల కింద స్టవ్ ఆపావా?"

టీచరమ్మ బయట పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. చిలక పిస్టల్ ఎదుట కూడా అంతగా పాలిపోని ముఖం ఇప్పుడు పాలిపోయింది.

"తలుపు వేసి బండెక్కండి," అంది. "ఎక్కడా ఆగకుండా ఇంటికి పోనివ్వండి."