అడ్వాన్సు అడగబోయిన జీపు

"సున్నానికి, కూలికి, ఇల్లు కడిగించేదానికి కలిపి నాలుగొందలు పట్టుకుంటాండా టీచరమ్మా. మిగతాది ఇదిగో."

ఇంటి ఓనరు అలివేలమ్మవ్వ కొంగుముడి విప్పి నోట్లు అరుగు మీద పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం. ప్రొద్దుటూరు ఎండ గురించి మీకు వేరే చెప్పాలా? అరుగు మీద కూర్చోవాలంటేనే భయం.

ఎస్తేరు వాళ్ళమ్మ దేవకుమారి ఆ నోట్ల వైపు చూడనైనా చూడలేదు. వాళ్ళు నిన్ననే ఈ ఇల్లు ఖాళీ చేసి బస్టాండు దగ్గర ఇంకో ఇంటికి మారారు. ఎస్తేరు నాన్నకు కలమల్ల థర్మల్ కరెంటు కేంద్రంలో ఉద్యోగం. అక్కడైతే ఆయన బస్సుకు దగ్గర. ఈ ఇంట్లో చేరేటప్పుడు కట్టిన పదిహేనొందల అడ్వాన్సు తీసుకుపోదామని చర్చి అయిపోగానే ఇటు వచ్చారు. కొత్త ఇంటి ఓనరు శనివారం లోపల ఆ డబ్బు కట్టమన్నాడు మరి.

"కడిగించేదానికా? నిన్న పది బిందెల నీళ్ళు పోసి నేనే కడిగినా గదా పెద్దమ్మా! బండలు నా మొహం కంటే శుభ్రంగా ఉండాయి."

"బండలు సరే. గోడ? లోపలికి రా, చూపిస్తా."

బీరువా ఉండిన చోట గోడకు పళ్ళెమంత మచ్చ. చుట్టూ తెలుపు, లోపల నీలం, దాని లోపల గులాబీ, నట్టనడుమ పచ్చ.

"ఇదేంది?" అంది అవ్వ.

"మేం వచ్చేసరికే ఉండిందేమో. మా పాప గోడల జోలికి పోదు. నా బిడ్డ సంగతి నాకు తెలీదా పెద్దమ్మా?"

ఎస్తేరు గబుక్కున తల దించుకుని కాలి బొటనవేలు చూసుకుంది. ఎందుకంటే ఆ గోడ గీకింది ఆ బిడ్డే!

కావాలని పాడుచేయలేదు. వానాకాలంలో ఒక సున్నం పెచ్చు దానంతటదే రాలింది. కింద నీలం కనిపించింది. అరే, ఈ గది ఒకప్పుడు నీలంగా ఉండేదా? అప్పుడు ఇక్కడ ఎవరుండేవాళ్ళు? మేకు తెచ్చి ఇంకొంచెం గీకింది. గులాబీ! గులాబీ గదిలో ఎవరు పడుకున్నారో? వాళ్ళకూ అయిదో తరగతి చదివే పిల్ల ఉండేదా? అమ్మ పేపర్లు దిద్దుకునేటప్పుడు బీరువా వెనక దూరి రోజూ కొంచెం గీకింది. పచ్చ దాకా పోయేసరికి ఇల్లు మారిపోయారు. ఒక గోడలో అన్ని రంగులుంటే చెయ్యి ఊరుకుంటుందా, చెప్పండి? ఊరుకోవాలి. అది వేరే సంగతి.

అమ్మా అవ్వా గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరివీ పెద్ద గొంతులే. ఎవరూ తగ్గలేదు. "ఇస్తే మొత్తం ఇయ్యి, లేకుంటే వద్దు" అని అమ్మ నోట్లు అక్కడే వదిలేసి వచ్చేసింది.

దారిలో ఎస్తేరు అడిగింది. "అమ్మా, పార్టీ వాళ్ళకు చెప్తే మన దుడ్లు ఇప్పిస్తారంట గదా?"

ఆ రోజుల్లో ఆ వైపు అదొక అలవాటు. ఆవు పక్కచేన్లో పడినా, అన్నదమ్ములు కొట్లాడుకున్నా పెద్ద నాయకుల ఇంటికి పోయి చెప్పుకునేవాళ్ళు. అక్కడినుంచి జీపు వచ్చేది. జీపు వస్తే ఇంక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

"ఇప్పిస్తారు," అంది అమ్మ. "రేపు ఎలక్షన్లప్పుడు మన ఇంటి మీద వాళ్ళ జెండా కడతారు. అప్పుడు వద్దనేదానికి మనకు నోరుండదు. మన కొట్లాట మనమే కొట్లాడుకుందాం."

ఎస్తేరుకు సగం అర్థమైంది. మిగతా సగం గురించి ఆలోచించే తీరిక లేదు. అమ్మ మళ్ళీ అవ్వ దగ్గరికి పోతే గోడ సంగతి మళ్ళీ వస్తుంది. అదీ ఎస్తేరు భయం.

మర్నాడు స్కూల్లో ఇదంతా జమీర్‌కు చెప్పింది. అంతా అంటే అంతా కాదు. మేకు సంగతి మింగేసింది.

"మేం ఏం చేయలేదురా. ఊరికే పట్టుకునింది."

"మా మామ ఉండాడు గదా!" అన్నాడు జమీర్. వాళ్ళ మామ అలీ అహ్మద్ ఒక పెద్ద నాయకుడి జీపు తోలేవాడు. "మామ పోయి అడిగితే చాలు, ఎవురైనా ఇచ్చేస్తారు."

"ఊరికే అడిగితేనే ఇచ్చేస్తారా? ఎట్లా?"

"ఏమో. ఇచ్చేస్తారంతే."

అదెట్లాగో చూడాలనిపించింది ఎస్తేరుకు. "అయితే అడగమను," అంది.

మంగళవారం సాయంత్రం కొత్త ఇంటి తలుపు ఎవరో తట్టారు. చూస్తే అలివేలమ్మవ్వ. చెప్పులు లేవు. జాకెట్టంతా చెమట. లోపలికి వచ్చి, కూర్చోకుండానే మంచం మీద నోట్లు పెట్టింది.

"పదిహేనొందలూ ఉండాయి. లెక్క చూసుకోమ్మా. నేను పోతా."

"ఏమైంది పెద్దమ్మా? కూర్చో, నీళ్ళు తాగు."

"వద్దు. నన్నేమీ అనొద్దని వాళ్ళకు చెప్పు, చాలు."

"ఎవురికి?"

"జీపులో వచ్చినోళ్ళకు." అవ్వ గొంతు తగ్గించింది. "జమ్మలమడుగు కాడ మా ఊరు ఇడిసిపెట్టి వచ్చింది ఆ జీపులకు భయపడే గదమ్మా. ఇంటి ముందర జీపు ఆగితే పట్టపగలైనా తలుపులేసుకునేవాళ్ళం. ఈడికి గూడా వస్తే నేనింగ యాడికి పోయేది?"

అమ్మకు ఏమీ అర్థం కాలేదు. "మేం ఎవురికీ చెప్పలేదు పెద్దమ్మా. దేవుని మీద ఆన!"

అమ్మ మళ్ళీ ఎస్తేరు సంగతి తెలియక మాటిస్తోంది. మొన్న గోడకు, ఇవాళ జీపుకు.

"అమ్మా, చెప్పింది నేనే," అంది ఎస్తేరు. "జమీర్‌కు నేనే చెప్పినా. వాళ్ళ మామతో అడగమన్నా. గోడ గీకింది గూడా నేనే. లోపల ఎన్ని రంగులుండాయో చూద్దామని."

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "నా బిడ్డ సంగతి నాకు తెలీదా అన్నానే!" అని మాత్రం అంది. ఎస్తేరుకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి అమ్మ అవ్వ వైపు తిరిగింది. "తప్పు మాదే పెద్దమ్మా. ఆ మచ్చకు ఎంతయితే అంత పట్టుకో. ఇంటికంతా సున్నమంటే మాత్రం ఇయ్యను. కడిగిన కూలీ ఇయ్యను."

"వద్దులేమ్మా. అంతా నువ్వే పెట్టుకో."

"అదేంది? మచ్చకెంతో చెప్పు."

"ఏమీ వద్దు."

"కొట్లాడు పెద్దమ్మా! మొన్న బాగా కొట్లాడినావు గదా!"

అవ్వ కొట్లాడలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, వీధి అటూ ఇటూ చూసి, గోడ వారగా నడుచుకుంటూ పోయింది. అంత పెద్ద గొంతు ఏమైపోయింది? ఎస్తేరు గుమ్మంలో నిలబడి, అవ్వ మలుపు తిరిగేదాకా చూసింది.

"ఈ దుడ్లు నేను ముట్టను," అంది అమ్మ. "ఏం చేస్తావో నువ్వే చెప్పు."

ఎస్తేరు కళ్ళు తుడుచుకుంది. "జీపును పంపింది నేను గదా. ముందు జమీర్ వాళ్ళ మామతో మాట్లాడతా."

బుధవారం బడి వదలగానే జమీర్‌ను వెంటబెట్టుకుని పోయింది. టీ అంగడి ముందు జీపు ఆగి ఉంది. ముందర పార్టీ జెండా. అలీ అహ్మద్ గ్లాసు చేతిలో పట్టుకుని నవ్వుతూ పలకరించాడు.

"ఏం పాపా, దుడ్లు వచ్చినాయా?"

"వచ్చినాయి మామా. కానీ నేను అబద్ధం చెప్పినా. ఆ గోడ గీకింది నేనే. అవ్వ శానా భయపడింది."

"భయమెందుకు? నేనేమన్నా అన్నానా? టీచరమ్మ దుడ్లు ఇచ్చేయమ్మా అన్నా. అంతే!"

"ఎంతమంది పోయినారు మామా?"

"నలుగురం."

"దిగి అడిగినారా?"

"దిగేదెందుకు? జీపులోనుంచే హారను కొట్టి పిలిచినా. ఇంజను గూడా ఆపలే..."

ఆ మాట తన చెవిన తనకే పడినట్టుంది. అలీ అహ్మద్ నవ్వు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"సరే పాపా. జీపు ఎక్కండి. పోయి ఆమెకు చెప్పొస్తా."

"జీపు వద్దు మామా. నడిచి పోదాం."

"నడిచా? నేను నడిచి పోతే చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో నాకూ తెలీదు. పోయి చూద్దాం."

ఏమనుకుంటారు? "ఏం అలీ, జీపు చెడిందా?" అని దారి పొడుగునా అడిగారు. నాలుగుసార్లు జవాబు చెప్పాడు. అయిదోసారి చెప్పే ఓపిక లేక తల ఊపి ఊరుకున్నాడు. జమీర్‌కు నవ్వు ఆగలేదు. మామ నెత్తిన ఒకటి వేశాక ఆగింది.

అవ్వ ఇంటి తలుపు మూసి ఉంది. వాళ్ళిద్దరినీ మెట్ల కింద నిలబెట్టి, ఎస్తేరు ఒక్కతే ఎక్కి తలుపు తట్టింది.

"అవ్వా, నేను ఎస్తేరును. గోడ గీకినదాన్ని. జమీర్ వాళ్ళ మామను పిలుచుకొచ్చినా. నడిచే వచ్చినాం. జీపు లేదు."

లోపల చప్పుడు లేదు. ఎస్తేరు కదలకుండా నిలబడింది. చాలాసేపటికి గొళ్ళెం తీసిన శబ్దం. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

అలీ అహ్మద్ చెప్పులు విడిచాడు. "తప్పయింది పెద్దమ్మా. పాప మాట విని వచ్చినా. మీ ఇద్దరి మధ్యలోకి నేను రాకూడదు. ఇంగ ఈ వీధికి జీపు తీసుకురాను."

అవ్వ అతని వైపు చూసింది. వీధి ఆ చివరిదాకా చూసింది. నిజంగానే జీపు లేదు. తలుపు ఇంకొంచెం తెరిచింది. ఆ తరువాత పూర్తిగా తెరిచింది.

"ఏమప్పా, పెద్ద మగోనివే! ముసిల్దాని ఇంటి ముందర జీపు నిలబెట్టి ఆ మాదిరి హారను కొడతావా? మీ అమ్మ నేర్పించిందా నీకు?"

"లేదు పెద్దమ్మా."

"ఏమ్మే, నువ్వు!" అని అవ్వ ఎస్తేరు వైపు తిరిగింది. "మీ అమ్మ మచ్చకొక్కదానికే ఇస్తానంటాందా? మచ్చకొక్కదానికి సున్నం కొడితే అతుకేసినట్టు ఉండదా గోడ? ఆ గోడంతా కొట్టాల్సిందే. రెండొందలకు ఒక్క రూపాయి తగ్గను. వచ్చి మాట్లాడమను మీ అమ్మను!"

ఆ అరుపుకు పక్కింటి కోళ్ళు బెదిరి పరుగెత్తాయి. ఎస్తేరు ఒక్క దూకులో మెట్లు దిగి, బస్టాండు వైపు పరుగు తీసింది. ఇంటి మలుపు తిరుగుతూనే కేకేసింది.

"అమ్మా, బిరీన రా! అవ్వ నిన్ను కొట్లాటకు రమ్మంటాంది!"