గుండె మీది రఫూ

మా షెడ్డుకి యుద్ధం నుంచి కోట్లు వస్తాయి. వేసుకున్నవాళ్ళు రారు. వచ్చిన కోట్లని ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి మా బల్లల మీద పడేస్తారు. చిరిగినచోట దారంతోనే బట్ట అల్లినట్టు రఫూ చేయడం నా పని.

ఈ యుద్ధానికి మొదటిదీ రెండోదీ అని పేర్లు లేవు. ఇది ఆగితే కదా ఇంకోటి మొదలవడానికి! నేను అమ్మ కడుపులో ఉండగా సంధి కుదిరిందన్నారట. సంతకాలు పెట్టాల్సిన పెద్దమనుషులందరూ ఒకే రైలెక్కారు. ఆ రైలు వంతెన దాటలేదు. ఇప్పుడు మా తమ్ముడికి కూడా పిలుపొచ్చింది.

షెడ్డులో ఒక కట్టుబాటుంది. ఎడమ రొమ్ము మీద చిల్లు పడిన కోటు మళ్ళీ కోటుగా బయటికి పోకూడదు. కుట్లు విప్పేసి చేతి తొడుగులకి ఇచ్చేయాలి. ఒక్క కోటు విషయంలో నేను ఆ కట్టుబాటు తప్పాను. మంచి ఉన్ని, పొడుగు కోటు. కత్తెర పెట్టడానికి మనసొప్పలేదు. ఎవరూ కనిపెట్టలేనంత సన్నగా కుట్టగలనన్న పొగరొకటి. కుట్టి పంపేశాను. కొన్నాళ్ళకి అదే కోటు తిరిగొచ్చింది. చిల్లు సరిగ్గా నా రఫూ నడిమధ్యలో ఉంది. తప్పు బయటపడుతుందని భయపడి మళ్ళీ కుట్టేశాను.

నిన్న సాయంత్రం, ఇవాళ బయల్దేరే కుర్రాళ్ళ కోట్లకి మేస్త్రి పేర్ల చీటీలు గుచ్చాడు. పొడుగు కోట్లు రెండే ఉన్నాయి. కొత్తది గుండీలక్క కొడుక్కి పడింది. గుండీలక్కంటే నా పక్క బల్లమీద గుండీలు కుట్టే మనిషి. రెండోది మా తమ్ముడికి.

రెండోది అదే కోటు.

మేస్త్రికి నిజం చెప్పేయొచ్చు. చెబితే నా ఉద్యోగం పోతుంది, తమ్ముడు కోటు లేకుండా మంచులోకి పోతాడు. ఏం చేయాలో తోచక కూర్చుంటే, చీకటి పడ్డాక సైరన్ మోగింది. దీపాలు ఆర్పేశారు. అందరూ నేలమాళిగలోకి పరుగెత్తారు.

"రావే, చస్తావా అక్కడ!" అంది గుండీలక్క.

"నువ్వు పదక్కా, సూది పడిపోయింది, తీసుకుని వస్తా."

సూదీ లేదు, గీదీ లేదు.

షెడ్డంతా కటిక చీకటి. తడి ఉన్ని వాసన, సబ్బు వాసన. కొక్కేలకి వరసగా కోట్లు వేలాడుతున్నాయి. తడుముకుంటూ వెళ్ళాను. రఫూ ముగించేటప్పుడు దారాన్ని మూడుసార్లు అడ్డంగా తిప్పి వదలడం నా అలవాటు. కళ్ళు మూసుకున్నా ఆ గుర్తు నా వేళ్ళకి దొరుకుతుంది.

దొరికింది.

వెచ్చగా ఉంది...

అదేంటి, అనుకునేలోపే నా వేళ్ళ కింద కదిలింది. మెల్లగా లేచింది... పడింది... మళ్ళీ లేచింది. ఊపిరి! కోటులో ఎవరూ లేరు. ఖాళీ చేతులు రెండూ వేలాడుతూ నా మోకాళ్ళకి తగులుతున్నాయి.

"అక్కా..."

మా తమ్ముడి గొంతు కాదు. ఎవరో కుర్రాడు.

"నొప్పిగా ఉందక్కా... ఇంకెవరికీ ఇవ్వకు..."

అమ్మో! పారిపోవాలి. లేదంటే ఆ కోటు లాక్కెళ్ళి పొయ్యిలో పడేయాలి. మనిషన్నవాళ్ళు ఆ రెండింటిలో ఏదో ఒకటి చేస్తారు. నేను ఏడుస్తూ, పొడుగును బట్టి కొత్త కోటు వెతుక్కుని, రెండు కోట్ల చీటీలు మార్చాను. గుండీలక్క కొడుకు చీటీని ఆ కోటుకి గుచ్చుతుంటే, పిన్ను దిగినచోట లోపలెవరో "స్స్" అన్నారు.

అయినా గుచ్చాను.

పొద్దున స్టేషన్లో గుండీలక్క నా చేతులు రెండూ పట్టుకుంది. "రాత్రి మావాడి కోటుకి గుండీలు బిగిస్తుంటే నీ గుర్తు తగిలిందే. కొత్తది కాదని ముందు దిగులేసింది. నీ చేతి పనని తెలిశాక నిశ్చింతగా పడుకున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మొహం చూడలేక చేతులు విడిపించుకుని తమ్ముడి దగ్గరికి పరుగెత్తాను. కొత్త కోటులో కళకళలాడుతున్నాడు. సర్దుతున్నట్టు వాడి రొమ్ము మీద చెయ్యి వేశాను.

వేళ్ళకి దారం తగిలింది. మూడుసార్లు అడ్డంగా.

చీకట్లో పొరబడ్డానా? వెనక్కి తిరిగి చూశాను. గుండీలక్క కొడుకు తల్లి ముందు ఒంగి నిలబడ్డాడు. ఎండ తిన్నగా వాడి ఎడమ రొమ్ము మీద పడుతోంది. అక్కడా నా రఫూయే. కొత్త కోటు మీద నేను సూదే పెట్టలేదు.

రైలు కూత వేసింది. నా చెయ్యింకా తమ్ముడి గుండె మీదే ఉంది.

"చెయ్యి తియ్యక్కా," అన్నాడు వాడు నవ్వుతూనే. "అక్కడ నొప్పిగా ఉంది."