మూత పడేలోపు

లోయలో దొరికిన పుర్రె నుంచి చెవి ఎముక తీసిన పరిశోధకుణ్ణి సోమవారం పొద్దున ఒక కారు గుద్ది చంపింది. మంగళవారం ఏజెంట్‌ను చీఫ్ పిలిచారు.

"ఎనిమిది వేల ఏళ్ల ఎముక. ఆ లోయకి మనుషులు మొదట ఎటునుంచి వచ్చారో దాని డీఎన్ఏ చెబుతుంది. లోయ తమదేనంటున్న పక్క దేశం ముఠా ల్యాబ్‌లో ఆ ఎముక పొడి తీసేసి, తమ సమాధుల్లోని ఎముకల పొడి పెట్టబోతోంది. డీఎన్ఏ చదివే యంత్రం మూత పడ్డాక ఎవరూ తెరవకూడదని రెండు దేశాల ఒప్పందం. వచ్చిన ఫలితమే సరిహద్దు."

"ల్యాబ్‌లో మనవాళ్లు?"

"ఒకామె. మారుపేరు చిలక. మార్పిడి రేపు మూడింటికని కబురు పంపింది. నువ్వు 'వాన పడేలా ఉంది' అంటే, 'గొడుగు తేలేదు' అంటుంది."

బుధవారం ల్యాబ్ గుమ్మంలో ఏజెంట్‌ను ఇన్‌చార్జి ఆపింది. అరవైకి దగ్గరపడిన మనిషి.

"గడ్డం తియ్యి బాబూ."

"ఇదండీ..."

"పెట్టుడుదని తెలుస్తూనే ఉంది. తియ్యి."

అతని జేబులోని పెన్ను కెమెరాను బ్లీచ్‌లో ముంచింది. అది చచ్చింది. మొహం రెండుసార్లు కడిగించింది. మూడు ఫారాలు నింపించింది. లోపలికి వెళ్లేసరికి పదకొండున్నర.

లోపల ఐదుగురు. తెల్ల సూట్లు, మాస్కులు. కళ్లు తప్ప ఏమీ కనబడవు.

"వాన పడేలా ఉంది," అన్నాడు ఏజెంట్ ఒకతని పక్కన నిలబడి.

"ఇక్కడ కిటికీలు లేవు. పని చూసుకో."

రెండో మనిషి వింతగా చూసి పక్కకి జరిగాడు. మూడో మనిషిది ఆడగొంతు. "గొడుగు తేలేదు. మూడింటిదాకా తలుపు దగ్గరే ఉండు."

ఆమె రెప్పల మీద నీలం రంగు ఉంది. ఇన్‌చార్జి రంగు ఉంచనివ్వదు. అంటే ఈవిడ ఆ గుమ్మంలోంచి రాలేదు. చిలక ముఠా మనిషే. మార్పిడి మూడింటికి కాదు, ఇప్పుడే.

అప్పటికే చిలక ఒక ట్యూబు యంత్రంలో పెట్టి మీట నొక్కింది. మూత దిగుతోంది. చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. ఏజెంట్ తన మాస్కు లాగేసి ట్యూబులోకి ఉమ్మాడు. మూత పడింది. అప్పుడు ఆమె పిడికిలి విప్పదీశాడు. అసలు ట్యూబు అందులో ఉంది.

"మొరటోడివి," అంది చిలక.

ఇన్‌చార్జి పరుగున వచ్చింది. "పాత డీఎన్ఏ ఉండేదే చిటికెడు. నీ ఉమ్ములో కొట్టుకుపోతుంది. గడ్డం తీయించాను గానీ, నోరు కుట్టించాల్సింది."

పదో రోజున ఫలితం వచ్చింది. లోయ తొలి నివాసి ఏజెంటే. రెండు దేశాలూ ఆ కాగితం చించేసి, అసలు ట్యూబును యంత్రంలో పెట్టించాయి.

ఏజెంట్ వారం రోజులు సెలవడిగాడు.

చీఫ్ దరఖాస్తు వెనక్కి తోశారు. "ఎనిమిది వేల ఏళ్లు లోయలో పడుకున్నావు కదయ్యా, ఇంకా సెలవేమిటి?"